తాళం వేస్తూ వినండి: రోజువారీ జీవితంలో సంగీతంతో ధ్యాసకు పదును పెట్టుకునే పద్ధతి

చదువుకునే పిల్లల గదిలో వాద్యసంగీతం పెడితే మార్కులు పెరుగుతాయని, గర్భిణులు ఫలానా సంగీతం వింటే పుట్టబోయే బిడ్డ మేధావి అవుతుందని చెప్పే వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. ఈ నమ్మకం చాలావరకు 1993లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో జరిగిన ఒక చిన్న ప్రయోగం నుంచి పుట్టింది. 36 మంది కాలేజీ విద్యార్థులు మొజార్ట్ కూర్చిన రెండు పియానోల సొనాటాను పది నిమిషాలు విన్న తర్వాత, మడిచి కత్తిరించిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షల్లో కొంత మెరుగ్గా రాణించారు. ఆ మెరుగు పావుగంట దాటి నిలవలేదు. పసిపిల్లల గురించి గానీ, తెలివి శాశ్వతంగా పెరగడం గురించి గానీ ఆ పరిశోధకులు ఏమీ చెప్పలేదు. అయినా 1998 నాటికి జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతం సీడీ పంచడానికి బడ్జెట్‌లో సొమ్ము అడిగేదాకా వ్యవహారం వెళ్ళింది. తర్వాత 2001లో కెనడా పరిశోధకులు అసలు సంగతి తేల్చారు: హుషారైన సంగీతం మనసును ఉత్సాహపరుస్తుంది, ఉత్సాహంగా ఉన్న మనిషి కాసేపు ఏ పనైనా కాస్త బాగా చేస్తాడు, అంతకుమించి అందులో మర్మమేమీ లేదు.

కాబట్టి ఈ మార్గదర్శి వేరే దారిలో నడుస్తుంది. వెనకాల దానంతట అది మోగుతున్న సంగీతం మెదడుకు పదును పెట్టదు. చేత్తో తాళం వేయడం, ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు) లెక్కపెట్టడం, విన్న పాట ముక్కను మనసులో తిరిగి పాడుకోవడం, రాగాన్ని పోల్చుకోవడం వంటి పనులు సంగీతంతో మనం చేసినప్పుడే ధ్యాస ఒకచోట నిలవడం నేర్చుకుంటుంది. దీనికి కర్ణాటక సంగీతాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. సభలో కూర్చున్న శ్రోత కూడా తొడ మీద తాళం వేస్తూ వినే అలవాటు ఆ సంప్రదాయంలోనే ఉంది, కనుక గొంతు బాగుండకపోయినా, గురువు దగ్గర నేర్చుకోకపోయినా ఇందులో సగానికి పైగా సాధనలు ఎవరైనా చేయవచ్చు. రోజుకు 20 నిమిషాలు చాలు.

ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో కూడా ముందే చెప్పడం మంచిది. పిల్లలకు సంగీతం నేర్పితే లెక్కలు, చదువు మెరుగవుతాయా అని చేసిన అనేక అధ్యయనాలను 2020లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, జాగ్రత్తగా జరిపిన అధ్యయనాల్లో ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. తాళం సాధన చేస్తే లెక్క తప్పకుండా వినడం వస్తుంది, ఒక పనిని స్థిరంగా నిలబెట్టుకుంటూ ఇంకొకటి చేయడం కొంత అలవాటవుతుంది, పాట గుర్తుపెట్టుకునే శక్తి పెరుగుతుంది. ఐ.ఐ.టి. సీటు మాత్రం దీనితో రాదు.

మొదటి మెట్టు: ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవడం

సాధన మొదలుపెట్టే ముందు, రోజులో సంగీతం అడ్డుపడే చోట్లను గుర్తించాలి. చదవడం, రాయడం, వల్లె వేయడం, అంకెలు గుర్తుంచుకోవడం వంటి మాటలతో కూడిన పనులన్నిటిలోనూ మనసు ఆ మాటలను లోలోపల పలుకుతూ నిలబెట్టుకుంటుంది. అదే సమయంలో పాటలోని మాటలు చెవిన పడితే అవి ఆ లోపలి పలుకులోకే చొరబడతాయి. పాట మనకు తెలియని భాషలో ఉన్నా ఈ ఇబ్బంది తప్పదని, గాత్రంతో పోలిస్తే వాద్యసంగీతం తక్కువ అడ్డుపడుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1970ల నుంచి చేసిన ప్రయోగాల్లో తేలింది. పోటీ పరీక్షలకు చదువుతూ సినిమా పాటలు పెట్టుకునేవారు బాగా సాగుతోందని అనుకుంటారు గానీ, సాగేది పాట మాత్రమే.

అందువల్ల మాటల పనికి నిశ్శబ్దమే మేలు. ఒకే రకమైన వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వంటి పనికి, తక్కువ శబ్దంతో వీణో వేణువో పెట్టుకోవచ్చు. గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, నడవడం వంటి పనులప్పుడు ఏదైనా వినవచ్చు. నిజానికి ఈ సాధనలో కొంత భాగం అక్కడే జరుగుతుంది. కష్టమైన పనికి కూర్చోబోయే ముందు నచ్చిన చురుకైన పాట ఒకటి పూర్తిగా విని, ఆపేసి, అప్పుడు పని మొదలుపెట్టడం మంచి పద్ధతి. 1993 నాటి ప్రయోగంలో మనకు పనికొచ్చేది ఈ మాత్రమే. బండి నడుపుతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

రెండవ మెట్టు: ఆది తాళం చేతికి రావడం

ఆది తాళంలో ఎనిమిది అక్షరకాలాలు, అంటే సమానమైన ఎనిమిది లెక్కలు ఉంటాయి. మొదటి నాలుగూ లఘువు: కుడి అరచేతితో తొడ మీద ఒక తట్టు తట్టి, తర్వాత బొటనవేలితో వరుసగా చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు తాకుతూ మూడు లెక్కించాలి. మిగిలిన నాలుగూ రెండు ద్రుతాలు: ఒక్కొక్క ద్రుతానికి ఒక తట్టు, ఒక విసురు. విసురు అంటే అరచేతిని పైకి తిప్పి వేయడం. ఈ ఎనిమిదీ కలిస్తే ఒక ఆవర్తనం. ఆవర్తనం మొదలయ్యే తట్టు సమం. శాస్త్రం దీన్ని చతురస్ర జాతి త్రిపుట తాళం అంటుంది. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలు ఏడింటిని, లఘువు పొడవును బట్టి వచ్చే ఐదు జాతులతో హెచ్చిస్తే వచ్చే 35 తాళాల్లో ఇది ఒకటి. మిగతా 34 ప్రస్తుతానికి అక్కర్లేదు.

ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఒక్కో టిక్కుకు ఒక్కో క్రియ (తట్టు, వేలి లెక్క, విసురు వంటి చేతి కదలిక) చొప్పున ఐదు నిమిషాలు తాళం వేయండి. మొదటి రెండు నిమిషాలు సులువుగా గడుస్తాయి. ఆ తర్వాత మనసు ఎటో వెళ్ళిపోయి, చెయ్యి దానంతట అదే ఆడుతూ, రెండు విసుర్లలో ఇది మొదటిదా రెండోదా అన్న సందేహం వస్తుంది. సందేహం రాగానే ఆపి మళ్ళీ సమం నుంచి మొదలుపెట్టాలి, ఊహతో సర్దుకోకూడదు. ధ్యాస ఎప్పుడు జారిందో ఆ క్షణంలోనే పట్టిచ్చే సాధనం ఇంత తేలికగా ఇంకొకటి దొరకదు. ఐదు నిమిషాలు తప్పకుండా వేయగలిగిన తర్వాత, ఎడమ చేతి కణుపుల మీద ఆవర్తనాలను కూడా లెక్కపెట్టండి: కుడి చేతిలో ఎనిమిది నడుస్తుంటుంది, ప్రతి సమానికీ ఎడమ బొటనవేలు ఒక కణుపు జరుగుతుంది.

మూడవ మెట్టు: చెయ్యి మారకుండా నోరు మారడం

సంగీతం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట పాడే సరళీ వరుసలను 15వ మేళకర్త (మిగతా రాగాలకు మూలమైన 72 రాగాల్లో ఒకటి) అయిన మాయామాళవగౌళ రాగంలో కూర్చి, ఈ పాఠక్రమాన్ని ఏర్పరచినవారు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. మొదటి వరుస అందరికీ తెలిసిందే: స రి గ మ ప ద ని స, స ని ద ప మ గ రి స. స్వరస్థానాలు పలకకపోతే దిగులు పడకండి. ఈ సాధనకు అక్షరాలను లయలో ఉచ్చరిస్తే చాలు.

మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, ఒక క్రియకు ఒక స్వరం చొప్పున పలికితే ఈ పదహారు స్వరాలకు రెండు ఆవర్తనాలు పడతాయి. రెండవ కాలంలో క్రియకు రెండు స్వరాలు, కాబట్టి ఒకే ఆవర్తనంలో వరుస పూర్తవుతుంది. మూడవ కాలంలో క్రియకు నాలుగు. అప్పుడు వరుస అర ఆవర్తనంలోనే అయిపోతుంది కనుక రెండుసార్లు పలికి ఆవర్తనం నింపాలి. మూడు కాలాలూ ఆగకుండా పలికి మళ్ళీ మొదటి కాలానికి దిగాలి. చాలామంది ఎక్కేటప్పుడు బాగానే ఎక్కుతారు, దిగేటప్పుడు తడబడతారు. నోటికి వేగం అలవాటైపోయి, చెయ్యి దాని వెంట పరుగెత్తడమే కారణం. చేతి వేగం అన్ని కాలాల్లోనూ ఒక్కటే అన్నది ఈ సాధనలోని ఒకే ఒక నియమం. ఒక పని జోరు పెరిగినా రెండో పని స్థిరంగా ఉండాలన్న నిగ్రహమే ఇక్కడ మనకు కావలసింది. పలకడం సుఖంగా జరిగాక పాడడానికి ప్రయత్నించవచ్చు. అప్పుడు శ్రుతిపెట్టె యాప్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

నాలుగవ మెట్టు: ఎనిమిదిలో మూడు

అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలబడి చేయవలసిన సాధన ఇది. మృదంగ విద్వాంసులు లెక్కలను అంకెలతో కాకుండా జతులతో, అంటే లయను పలికే అక్షరాలతో చెప్పుకుంటారు: మూడుకు తకిట, నాలుగుకు తకదిమి, ఐదుకు తకతకిట, ఏడుకు తకిటతకదిమి, తొమ్మిదికి తకదిమితకతకిట. చేత్తో ఆది తాళం వేస్తూ, ఒక క్రియకు ఒక అక్షరం చొప్పున నోటితో త, కి, ట అని పలకండి. చేతిలో ఎనిమిది, నోటిలో మూడు. మొదటి సమం మీద ‘త’ పడుతుంది. రెండవ ఆవర్తనం సమానికి ‘ట’ పడుతుంది. మూడవ దానికి ‘కి’. నాలుగవ ఆవర్తనం మొదలయ్యేసరికి ‘త’, సమం మళ్ళీ కలుసుకుంటాయి, ఎందుకంటే ఎనిమిది తకిటలు 24 అక్షరాలు, మూడు ఆవర్తనాలూ 24 క్రియలే. రెండవ సమం మీద మీకు ‘ట’ కాక ఇంకేదైనా పడితే ఎక్కడో తప్పిందన్నమాట. ఒకరు వచ్చి దిద్దనక్కరలేదు, సాధనే దిద్దుతుంది.

మొదట్లో జరిగే పొరపాటు ఒకటే. చెయ్యి నోటిని అనుసరించి, ప్రతి ‘త’కూ తట్టు వేయాలని చూస్తుంది. దీనికి మందు, ‘త’ను ఒత్తి పలకకపోవడం. మూడక్షరాలనూ ఒకే బరువుతో, గొణిగినట్టు పలుకుతూ కొన్ని రోజులు చేసి, చెయ్యి కుదురుకున్నాక ‘త’ను కొద్దికొద్దిగా ఒత్తండి. ఒత్తినా చెయ్యి చలించని రోజున ఐదుకు వెళ్ళండి. తకతకిట ఐదు ఆవర్తనాలకు గానీ సమంతో కలవదు. మధ్యలో సమాల మీద వరుసగా నాలుగో అక్షరం ‘కి’, రెండో అక్షరం ‘క’, ఐదో అక్షరం ‘ట’, మూడో అక్షరం ‘త’ పడతాయి. ఈ మూడో అక్షరమైన ‘త’ను మొదటి ‘త’ అనుకుని, కలిసిపోయాయని సంబరపడి ఆగిపోయేవారే ఎక్కువ. ఏడైతే ఏడు ఆవర్తనాలు, 56 క్రియలు. అది తప్పకుండా వచ్చినవారికి ఆ వేళ ఇంకే సాధనా అక్కర్లేదు.

ఈ తరహా విద్య ఎంత దూరం వెళ్ళగలదో తెలుగునాట ఒక ఉదాహరణ ఉంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో ఐదు వేర్వేరు తాళాలు ఒకేసారి నడిపించే పంచముఖి విద్యకు పేరుపొందారు. 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. మనకు చేతికీ నోటికీ మధ్య సయోధ్య కుదిరితే అదే పదివేలు.

ఐదవ మెట్టు: తెలిసిన గేయాల నడక పట్టుకోవడం

సంగీతంతో పరిచయం లేనివారికి కూడా బడిలో నేర్చిన గేయాలు గుర్తుంటాయి. గురజాడ దేశభక్తి గీతం ముత్యాల సరంలో నడుస్తుంది. ఆ ఛందస్సులో మాత్రలు మూడు, నాలుగుగా జతపడతాయి. మొదటి పాదాన్ని దేశ, మునుప్రే, మించు, మన్నా అని విడగొట్టి, ప్రతి ముక్క మొదట్లో ఒక తట్టు తట్టండి. తట్ల మధ్య దూరం మూడు, నాలుగు, మూడు, నాలుగుగా మారుతుంది. ఇదే సంగీతంలో మిశ్రచాపు నడక. ఎన్నడూ తాళం వేయనివారు సైతం ఈ పద్ధతిలో ఏడక్షరాల తాళాన్ని ఒక్క పూటలో పట్టుకోగలరు. ఆ తర్వాత మీకు గుర్తున్న జోలపాటలు, ఏలపదాలు, సినిమా పాటలు ఏ నడకలో ఉన్నాయో ఒక్కొక్కటిగా తేల్చుకోండి. మూడుకు తకిట, నాలుగుకు తకదిమి, ఐదుకు తకతకిట పలికి చూస్తే, సరిపోయేది దానంతట అదే అతుక్కుంటుంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

ఆరవ మెట్టు: వారానికి ఒక్క కృతి

రోజుకు ముప్ఫై పాటలు వినేవారికి ఒక్కటీ గుర్తుండదు. ఈ సాధనలో వారమంతా ఒకే కృతిని (పల్లవి, అనుపల్లవి, చరణాలుగా సాగే కర్ణాటక సంగీత రచన), ఒకే విద్వాంసుడో విదుషీమణో పాడిన ఒకే రికార్డింగును వినాలి. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య రాసింది మన భాషలో కాబట్టి తెలుగు శ్రోతకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. దాన్ని మనం తరచు వాడుకోం.

మొదటి రోజు మాటలను పట్టించుకోకుండా తాళం మాత్రమే వేస్తూ, పల్లవి ఎక్కడ అందుకుంటున్నారో చూడండి. సరిగ్గా సమం మీదనా, లేక తాళం మొదలయ్యాక కొంత వదిలిపెట్టి అందుకుంటున్నారా అన్నది తేలాలి. దీన్ని ఎత్తుగడ అంటారు. మరునాడు పల్లవికి ఎన్ని సంగతులు వేశారో లెక్కపెట్టండి. ఒకే సాహిత్యాన్ని మళ్ళీ పాడినప్పుడు ఏ అక్షరం దగ్గర కొత్త మలుపు చేరిందో గుర్తించడమే ఇందులోని పని. అందుకు రెండు సంగతులనూ మనసులో పక్కపక్కన నిలబెట్టుకోవాలి. మూడవ రోజు సాహిత్యాన్ని విని కాగితం మీద రాసి, తర్వాతే పుస్తకంలో సరిచూసుకోండి. ఎన్నో ఏళ్ళుగా వింటున్న కృతిలో మనం మరేదో మాట అనుకుంటూ వచ్చామని అప్పుడు బయటపడుతుంది, ముఖ్యంగా చరణాల్లో.

నాలుగవ రోజు నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. రికార్డింగు నడుస్తుండగా, అనుపల్లవి మధ్యలో శబ్దాన్ని పూర్తిగా తగ్గించేయండి. ఆపకూడదు, వినిపించకుండా చేయాలి. చేత్తో తాళం వేస్తూ, మనసులో పాట కొనసాగిస్తూ, రెండు ఆవర్తనాల తర్వాత శబ్దం పెంచండి. మీరున్న చోటే గాయకులూ ఉంటే రెండు ఆవర్తనాలను నాలుగు చేయండి. లేకపోతే మీరు ముందున్నారా, వెనకబడ్డారా గమనించండి. ముందుంటే తాళం తొందరపడుతోంది, వెనకబడితే ఏదో సంగతి మరిచిపోయి వెతుక్కున్నారు. వారం చివరికి రికార్డింగు లేకుండా, మొదటి నుంచి చివరిదాకా మనసులో నడిపి చూడండి. సాధారణంగా తెగిపోయేది పల్లవి నుంచి అనుపల్లవికి ఎక్కే చోట కాదు, అనుపల్లవి నుంచి మళ్ళీ పల్లవికి దిగే చోట.

ఏడవ మెట్టు: జంట రాగాలు

రాగాలు గుర్తుపట్టడాన్ని చాలామంది పాండిత్య ప్రదర్శనగా చూస్తారు గానీ, అది సూక్ష్మభేదం వినడంలో మంచి శిక్షణ. 72 మేళకర్తల జాబితా ముందు వేసుకుని కూర్చోకండి. ఒక్క స్వరం తేడా ఉన్న జంటలను తీసుకోండి. శంకరాభరణానికీ కల్యాణికీ తేడా మధ్యమం (మ) ఒక్కటే. మొదటిదానిలో శుద్ధ మధ్యమం, రెండవదానిలో ప్రతి మధ్యమం, అంటే దానికన్నా కాస్త హెచ్చు ‘మ’. హరికాంభోజికీ ఖరహరప్రియకూ తేడా గాంధారం (గ). ఇంట్లో ఎవరినైనా ఈ రెండింటిలో ఏదో ఒకటి పెట్టమని చెప్పి, పేరు చూడకుండా తేల్చండి. ఒక జంట పూర్తిగా తెలిసేదాకా రెండవ జంటకు పోవద్దు. పొద్దున్న రేడియోలో భక్తిరంజని వినే ఇళ్ళలో ఈ ఆటకు ముడిసరుకు దండిగా దొరుకుతుంది.

ఎనిమిదవ మెట్టు: వంటింట్లో ఘంటాగణనం

అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు మధ్యమధ్య గంట కొడుతుంటాడు. అవధాని ఒకవైపు పద్యాలు చెబుతూనే, చివర్లో ఎన్ని గంటలు కొట్టారో చెప్పాలి. మన ఇళ్ళలో ఆ పృచ్ఛకుడి స్థానం కుక్కర్‌ది. కూరగాయలు తరుగుతూ వారం కృతిని కూనిరాగంగా పాడుకోండి. పాట ఆపకుండా విజిల్స్ లెక్క మనసులో ఉంచుకోండి. విజిల్ వచ్చినప్పుడు పాటలో ఏ మాట దగ్గర ఉన్నారో ఆ మాటకు లెక్కను ముడివేయడం ఒక కిటుకు: రెండవ విజిల్ అనుపల్లవి మొదట్లో, మూడవది చరణంలో అని గుర్తుంటే అంకె జారిపోదు. కత్తి చేతిలో ఉన్నప్పుడు తాళం మాత్రం వద్దు.

పిల్లలతో అయితే జతులను ఆటగా ఆడించండి; మీరు తకిట అంటే వారు తకదిమి అనడం, చేతులు మార్చుకోవడం వంటివి. పెద్దవారితో అయితే వారి యవ్వనం నాటి పాట పల్లవి అందించి చరణం వారిచేత చెప్పించండి.

చెవుల విషయంలో ఒక లెక్క పాటించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినకూడదు, పిల్లలకు అది 75 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి తగ్గుతుంది, అంటే 86 దగ్గర పది గంటలే. ఈ సాధనలన్నిటికీ నిశ్శబ్దమైన గది, తక్కువ శబ్దం చాలు.

చివరి మెట్టు: తని ఆవర్తనంలో నిలబడడం

కొన్ని నెలల తర్వాత ఒక ప్రత్యక్ష కచేరీకి వెళ్ళండి. తని ఆవర్తనం (పాట ఆగి, మృదంగం వంటి తాళవాద్యాలే మోగే ఘట్టం) మొదలుకాగానే బయటికి కాఫీకి వెళ్ళే జనంతో వెళ్ళకుండా, తాళం వేస్తూ కూర్చోండి. అక్కడ పాట లేదు, మాట లేదు, పట్టుకోవడానికి మీ చేతిలోని ఎనిమిది తప్ప ఇంకేమీ లేదు. మృదంగం నాలుగు నడకలో మొదలై మూడుకో, ఐదుకో మారుతుంది. మారిన ఆ క్షణంలో చెయ్యి లాగేసినట్టు అవుతుంది, నాలుగవ మెట్టు సాధన పనికొచ్చేది అప్పుడే. ముగింపుకు ముందు ఒకే ముక్తాయి (ముగింపు జతుల అల్లిక) మూడుసార్లు వస్తుంది. మొదటిసారి విని, రెండవసారి కొలిచి, మూడవసారి అది సమానికి వస్తుందా, పాట ఎత్తుగడకు వస్తుందా అన్నది ముందే చెప్పడానికి ప్రయత్నించండి. మొదటి కచేరీలోనే ఇదంతా కుదరదు. వేదిక మీద గాయకుల చెయ్యి కనిపించే చోట కూర్చుంటే, తాళం తప్పినప్పుడల్లా వారి చిటికెన వేలు చూసి, లఘువులో రెండవ అక్షరం నుంచి మళ్ళీ అందుకోవచ్చు.